పొయ్యి మీద పడిన నింద

సుంకమ్మ ఇంట్లో ఇప్పుడు పొయ్యి లేదు. పోయిన వారం కథలో ఆమే గడ్డపార అందుకుని దాన్ని పెళ్లగించింది. పక్కింటి తిప్పమ్మ పరుగెత్తుకొచ్చి "సచ్చినోళ్ల ఇంట్లోనే పొయ్యి ఆరిపోతే కీడంటారు, బతికినోళ్ల ఇంట్లో పగలగొడతావేందే తల్లీ!" అని నోరు కొట్టుకున్నా వినలేదు. అది చదివి సుంకమ్మకు మతి చలించిందా అని కొందరు నన్ను అడిగారు. ఏమీ చలించలేదు. ఆమె మొగుణ్ణి బతికించుకోవాలనుకుంది, అంతే. ఈ వారమే పత్రిక చేతికొచ్చిన వాళ్ల కోసం జరిగింది నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోతాను.

కోసిగి పక్క పల్లెలో వానలు మొహం చాటేసి, గంజి కేంద్రాలు కూడా ఎత్తేశాక, నరసప్ప పెళ్లాన్నీ బిడ్డనూ వెంటబెట్టుకుని ఆదోనికి వచ్చి ఒక జిన్నింగు మిల్లులో చేరాడు. పత్తిలోంచి గింజను వేరుచేసే యంత్రాల హాల్లో అతని పని. సుంకమ్మది బయట చప్టా మీద పత్తిలో ఎండుటాకు ఏరే పని. కొన్నాళ్లకు నరసప్పకు ఛాతీ పట్టేయడం మొదలైంది. అది వచ్చే తీరే వింత. సోమవారం పనిలోకి దిగిన కాసేపటికి గుండెల మీద రోలు పెట్టినట్టుంటుంది, ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి ఊపిరి అందదు. మంగళవారం కాస్త తేలిక. శనివారానికి మనిషి మామూలు. ఆదివారం సెలవు, ఇంట్లో పడుకుంటాడు. మళ్లీ సోమవారం రోలు వచ్చి కూర్చుంటుంది.

ఇది నరసప్ప ఒక్కడికే కాదు. హాల్లో సగం మందికి ఇదే. అందరూ కలిసి ఆలోచించి తేల్చిన మాట ఇది: వారమంతా మిల్లులో ఉంటే తగ్గే జబ్బు, ఒక్క రోజు ఇంట్లో ఉంటే తిరగబెడుతోంది, కాబట్టి దోషం ఇంట్లోనే ఉంది. 'ఆదోరం ఇల్లు, సోమారం ముల్లు' అని సామెత కూడా కట్టుకున్నారు. నవ్వకండి. ఆ హాల్లో నిలబడి ఆలోచిస్తే మీరైనా నేనైనా అదే తేల్చేవాళ్లం.

ఇంట్లో ఏముంది? పొయ్యి ఉంది. పత్తికట్టె, పిడకలు వేస్తే వచ్చే పొగ ఉంది. నింద దాని మీద పడింది. సుంకమ్మ ముందు పొయ్యిని పెరట్లోకి మార్చింది, తరువాత పగలగొట్టింది, తిప్పమ్మ పొయ్యి మీద రొట్టెలు కాల్చుకుంది. అయినా సోమవారం ఆగలేదు. అయితే ఇల్లే మంచిది కాదనుకుంది. మేస్త్రీ ఉచ్చీరప్ప కాళ్లు పట్టుకుని, మొగుడు రాత్రిళ్లు మిల్లులోనే, దూది నిల్వచేసే గోదాములోనే పడుకునేటట్టు ఒప్పించింది. ఊరికే ఒక కాపలామనిషి దొరికినందుకు ఉచ్చీరప్ప వరమిచ్చినవాడిలా తల ఊపాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు.

ఇదీ జరిగింది. ఇక ఆదివారం సంగతి.

ఆ పొద్దున సుంకమ్మ కూతురు మద్దమ్మను తిప్పమ్మకు అప్పగించి ఎమ్మిగనూరు బస్సెక్కింది. మద్దమ్మ ఇంకా పలక పట్టని పిల్ల. జలుబు చేసి కాస్త దగ్గుతోంది. "సొల్ప ఏన్నీళ్లు తాపక్కా, పొగలోకి మాత్రం పోనీగాకు" అని పదేపదే చెప్పింది. తిప్పమ్మ "నాకు తెల్దా, నువ్వు పో" అంది.

ఎమ్మిగనూరులో యేసేపు ఉన్నాడు. నరసప్ప పక్క యంత్రం దగ్గర పనిచేసినవాడు. దూది బేళ్లను ఒక్కడే దొర్లించుకుపోయేవాడు, ఆదివారం గుడిలో పాట ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినబడేది. వాడికీ ఇదే జబ్బు వచ్చింది. పోయిన వానాకాలం మిల్లు మానేసి పెళ్లాం మేరి పుట్టిన ఊరికి పోయాడు. ఇప్పుడు కులాసాగా ఉన్నాడని ఊళ్లోకి దారం కొనడానికి వచ్చిన నేతగాళ్లెవరో చప్టా ఆడవాళ్లతో అన్నారు. ఇల్లు మారిస్తే తగ్గిందా, మందు ఏదైనా తిన్నాడా, కనుక్కుని రావాలని సుంకమ్మ ఆశ. మనిషికి ఆశ పుడితే దారి బెత్తెడే.

బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన బీడీ ముట్టించాడు.

"ఆర్పప్పా దాన్ని. పొగ మనిషిని తింటాది" అంది సుంకమ్మ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"పొగకు సచ్చేదుంటే మా యమ్మ ఎప్పుడో సచ్చేది. పొయ్యి ముందర పుట్టి పొయ్యి ముందర ముసిల్దయింది. ఇంగా నన్ను తిడతానే ఉంది" అని అతను నవ్వాడు. అయినా బీడీ ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు. మంచివాడే. అతని మాట ఆమె అప్పుడు చెవిన పెట్టలేదు.

ఎమ్మిగనూరులో దిగి అడుక్కుంటూ పోయింది. మగ్గాల చప్పుడు వినబడే వీధులన్నీ దాటి పేట చివరికి పోతే మేరి ఇల్లు. గడప దగ్గర మేరి రాట్నం ముందు కూర్చుని నేతగాళ్ల కోసం కండెలకు నూలు చుడుతోంది. సుంకమ్మను చూసి లేవలేదు. "రా సుంకమ్మా. లోపలుండాడు" అంది.

లోపలికి వంగి చూస్తే మొదట పొగే కనబడింది. ఒకటే అర్ర. మూలన మూడు రాళ్ల పొయ్యి, దాని మీద గంజి, కింద జొన్నదంట్లు రగులుతున్నాయి. పొయ్యికి జానెడు దూరంలో, చుట్టిన గోనెపట్టకు ఆనుకుని ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. యేసేపు తండ్రి కాబోలు అనుకుంది. ఆ ముసలాయన "కూసో... మ్మా" అన్నాక గొంతును బట్టి గుర్తుపట్టింది.

సుంకమ్మ గడప వైపు తిరిగింది. "వదినా, మనిషిని పొయ్యి పక్కన పెట్టినావే! ఈ పొగలో!" అని మేరి మీద అరిచింది.

"మరి యాడ పెట్టేది? ఉండేది ఒగే అర్ర. సలికి ఓర్సుకోలేడు. పండుకుంటే ఊపిరి ఆడదు, రాత్రంతా అట్లే కూసోనుంటాడు" అంది మేరి, రాట్నం మీంచి తల ఎత్తకుండా. "ఎవురు సెప్పినారు కులాసాగుండాడని?"

సుంకమ్మ నేల మీద కూలబడింది. పొగకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి. పొగకు మాత్రమే వచ్చాయని నేననను.

"నరసప్ప... ఎట్లుండాడు?" అన్నాడు యేసేపు.

చెప్పడానికి ఏదో ఒక మంచి మాట ఉండాలని ఆమె తాను చేసిందంతా చెప్పుకొచ్చింది. పొయ్యి పగలగొట్టింది, ఉచ్చీరప్పను బతిమాలింది. చివరికి కాస్త గర్వంగానే అంది. "ఇప్పుడు పొగ వాసనే ల్యా అన్నా. పగలు జిన్ను కాడ, రాత్రి దూది గోదాములోనే పండుకుంటాడు. ఇంటి దిక్కు సూసేదే ల్యా, మద్దేనం వచ్చి రొట్టె మాత్రం ఎత్తకపోతాడు. ఆదోరాలు గూడా ఆడనే."

రాట్నం ఆగిపోయింది. యేసేపు కళ్లు మూసుకున్నాడు.

"గోదాములో... ఎవురు పెట్టినారు?"

"నేనే అన్నా."

గంజి పొంగి పొయ్యిలో పడింది, మేరి లేచి కుండ దించింది.

"మిల్లు ఇడ్సినంక నాకు సోమారం రాలేదమ్మా" అన్నాడు యేసేపు.

సుంకమ్మకు అర్థం కాలేదు. అతను చెయ్యెత్తి పొయ్యిని చూపించాడు. తరువాత చెప్పిన మాటలు నేను వరసగా రాస్తున్నాను గానీ, అతను అలా చెప్పలేదు. ప్రతి రెండు మాటలకూ ఊపిరి కోసం ఆగాడు.

"ఈ పొయ్యి సూడు. పొద్దు మాపు నా పక్కనే మండుతాంది. పొగకు దగ్గొస్తాది, కండ్లు మండుతాయి, పొగ మంచిదని నేను అనను. కానీ వానాకాలం నుంచి ఈడ కూసోనుండా, ఒక్క సోమారం గూడా రోలు వచ్చి ఎద మీద కూసోలేదు. పొయ్యిదే తప్పయితే ఈడ దినామూ సోమారమే కావాల గదా. దూది దుమ్మమ్మా అది. మనం పీల్సిందంతా దూది."

"మరి ఇట్లెందుకైనావు? మిల్లు ఇడిసినంక బాగుపడాల గదా?"

"అప్పటికే అయిపోయింది. ఆస్పత్రిలో దొరసాని గొట్టం పెట్టి సూసింది. పోయిన ఊపిరి మళ్లా రాదనింది. నేను గూడా నీ మొగుని మాదిరే ఆదోరాలు మిల్లులోనే ఉంటి గదా. ఇల్లు మంచిది కాదని."

"పార్థన ఇడిసిపెట్టి పంపిస్తి" అంది మేరి. "అయ్యగారు అడిగితే ఒంట్లో బాగలేదని అబద్దం సెప్తి. దేవుడు ఇని నిజం చేసినాడు."

సుంకమ్మ తల అడ్డంగా ఊపింది. ఈ మాట నిజమైతే ఆమె ఏం చేసినట్టు? అందుకే ఒప్పుకోలేదు. ఉన్న తెలివంతా కూడదీసుకుని అడిగింది. "అట్లయితే శనోరానికి ఎందుకు తగ్గేది? దూదిలోనే ఉంటాడు గదా వారమంతా. దూది చంపేదయితే శనోరానికి ఎక్కువ కావాల. నాకు సెప్పన్నా, ఎందుకు తగ్గేది?"

"కొత్త కోడెకు కాడి కట్టి ములుగర్రతో పొడిస్తే ఎగురుతాది. నాలుగు సాళ్లు తోలినంక, పొడిసినా ఎగరదు. పొడుపు తగల్లేదనా?" యేసేపు ఆగాడు. "ఆదోరం సొల్ప గాలి తగిలి ఎదకు మళ్లా తెలివొస్తాది. సోమారం ఎగురుతాది. శనోరానికి ఎగిరేది మానేస్తాది. అంతే. తగ్గేది కాదమ్మా అది."

సేద్యం చేసిన ఇంటి పిల్ల సుంకమ్మ. కోడె సంగతి ఆమెకు వివరించనక్కర్లేదు.

"మిల్లోళ్లను మేం అడగలేదనుకోవద్దు" అన్నాడు యేసేపు. "కిటికీలు తీయండంటిమి. గాలికి దూది ఎగిరిపోతాదన్నారు. గోనెపట్ట తడిపి కిటికీలకు కట్టండి, దుమ్ము దానికి అంటుకుంటాదంటిమి. తేమకు దూది రంగు పోతాదన్నారు. గొంతులో దూది దిగిపోతాదని తలా ఇంత బెల్లం ఇచ్చినారు."

ఆ బెల్లం సుంకమ్మకు తెలుసు. నరసప్ప దాంట్లో సగం కొరికి, సగం మద్దమ్మకు తెచ్చేవాడు. పనిదిగి వచ్చే తండ్రి కోసం పిల్ల గడపలో కాచుకుని ఉండేది.

"ఏం చేసేదన్నా?"

"బైటికి తీసకరా. ఈ పొద్దే. మూతికి గుడ్డ కట్టుకో, లోపలికి పో, జబర్దస్తీగా అయినా సరే తీసకరా. వానికింగా ఊపిరి మిగిలింది."

"తీసకచ్చి?" అంది మేరి. ఇంతసేపూ అణచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "తీసకచ్చి ఏం పెడతాదయ్యా వానికి? కోసిగిలో పంటుందా? నువ్వు ఇడిసిపెట్టి వచ్చినావు గదా, ఏం తింటాండాం మనం? పొద్దు పొడిసినప్పటి నుంచి ఈ రాట్నం తిప్పితే నీళ్ల గంజి. సుంకమ్మా, ఈయప్ప మాట ఇంటే ఊపిరి మిగుల్తాది, కూడు పోతాది. ఇనకపోతే కూడు మిగుల్తాది, ఊపిరి పోతాది. ఏది కావాల్నో నువ్వే ఏరుకో. నీకు ఏరేది అలవాటే గదా."

అంత కటువుగా అన్నదే గానీ, సుంకమ్మ లేచేటప్పుడు చేతిలో గంజి ముంత పెట్టింది. "తాగి పో. పొద్దుటి నుంచి ఏం తిన్నావో ఏమో" అంది. సుంకమ్మ పొయ్యి పక్కనే కూర్చుని తాగింది. యేసేపు చెయ్యి పట్టుకుని పోయొస్తానంది. మళ్లీ చూస్తానని ఇద్దరూ అనుకోలేదు.

తిరుగు బస్సు ఎన్ని చోట్ల ఆగిందో, ఆగిన ప్రతిచోటా ఎంతసేపు నిలబడిందో చెప్తే మీకు విసుగు. ఆమెకు ప్రాణం పోయినంత పని అయింది. ఆదోని చేరేసరికి పొద్దు గుంకుతోంది. ముందు బిడ్డను చంకనేసుకుని, తరువాత మిల్లుకు పోయి మొగుణ్ణి లాక్కొచ్చి, ఆ తరువాత సంగతి ఆ తరువాత చూసుకోవచ్చనుకుంది. ఊరు విడిచిపోవాలో, అడుక్కుతినాలో రేపు ఆలోచిద్దాం, ముందు మనిషి బయటికి రావాలి. ఇంతవరకూ అనుకుని తిప్పమ్మ ఇంట్లో కాలు పెట్టింది.

తిప్పమ్మ పొయ్యి ముందు ఒక్కతే కూర్చుని ఉంది.

"పాప ఏదక్కా?"

"నీ మొగుడే ఎత్తకపాయ. మద్దేనం రొట్టెకని వచ్చినాడు. పిల్ల ఈడనే నా పక్కన కూసోని దగ్గుతాండె. సూసి నా మీద అరిసినాడమ్మా! 'ఈ పొగ నన్ను తినింది సాలదని నా బిడ్డను గూడా తింటాందా' అని." తిప్పమ్మకు కోపం వచ్చింది గానీ, ఆ కోపంలోనే మెచ్చుకోలు కూడా ఉంది. "దుప్పటి చుట్టి, ఎదకు కరుసుకోని గోదాముకు తీసకపాయ. తండ్రంటే అట్లుండాల. దూది మీద పండబెట్టుకుంటా, తెల్లారేకి దగ్గు పోతాదన్నాడు."

సుంకమ్మ పరుగెత్తింది.

ఆదివారం కాబట్టి మిల్లు చప్పుడు లేకుండా ఉంది. చప్టా ఆడవాళ్లు వచ్చిపోయే చిన్న గేటు తోసుకుని లోపలికి పోయింది. గోదాము ఇనుప తలుపులు మూసి ఉన్నాయి. రెండు రెక్కల మధ్య వేలు పట్టేంత సందు. ఆ గోదాముకు గాలి పోయే దారి అదొక్కటే. సందులోంచి లాంతరు వెలుతురు సన్నగా వస్తోంది, ఆ వెలుతురులో దూది నూగు పిండి జల్లెడ పట్టినట్టు తిరుగుతోంది.

"మద్దమ్మా!"

"అమ్మా!" లోపలి నుంచి పిల్ల గొంతు, సంతోషంగా. "నేను దూది మీద ఎగురుతాండా! పై నుంచి దూకుతాండా! ఎంత మెత్తగుందో!"

దూకినప్పుడల్లా ఆ వెలుతురులో నూగు దట్టంగా లేచింది. సుంకమ్మ రెండు చేతులతో తలుపు బాదింది. "ఎగరగాకు! పండుకో! కొంగు... నాయన పంచె మూతికి కట్టుకో! ఏమయ్యో, తలుపు తీయి!"

"ఎందుకట్ల అరుస్తావు?" నరసప్ప గొంతు తలుపుకు దగ్గరగా వచ్చింది. మాట మెత్తగా ఉంది. ఎన్నాళ్లకో తన బిడ్డకు ఒక మంచి పని చేశానన్న తృప్తి ఉంది. "పాప దగ్గు తగ్గిందిలే. వచ్చినప్పటి నుంచి ఆడుకుంటాంది."

"తలుపు తీయి. పాపను బైటికి పంపు, నువ్వు గూడా రా. యేసేపన్న సెప్పినాడు. తప్పు పొయ్యిది కాదయ్యా, దూదిది. దూదే చంపుతాంది మనల్ని."

"యేసేపు ఎట్లుండాడు?"

అబద్ధమాడి ఉంటే బాగుండేది. ఆమెకు తట్టలేదు. "పోతాండాడు. ఎక్కువ దినాలు ఉండడు."

"యాడ పండుకుంటాడు?"

సుంకమ్మ మళ్లీ తలుపు బాదింది. "యాడ పండుకుంటాడు సెప్పు" అని మళ్లీ అడిగాడు నరసప్ప.

"పొయ్యి పక్కన."

"సూసినావా" అన్నాడు. గెలిచినవాడి గొంతు కాదు అది. తోటివాడి చావు విన్న గొంతు. "పొగలో కూసోబెట్టి చంపుతాండారు వాన్ని. ఊపిరాడక వానికి తెలివి తప్పి ఏదో సెప్పింటాడు. నువ్వు నమ్ముతివి."

"కాదు, ఇను. ఆడ వానికి సోమారం రాలేదంట, అదీ..."

"సుంకమ్మా, పక్కకు పో." అతని మాటలో ఇప్పుడు భయం వచ్చింది. "నీ సీర పొగ వాసన కొడతాంది. సందులో నుంచి లోపలికి వస్తాంది. ఆ పొయ్యి కాడ కూసోనొస్తివా? పాపకు పడదు. తెల్లారి సైరన్ కూసినంక తీస్తా, అందాక ఎవురికీ తీయొద్దన్నాడు ఉచ్చీరప్పన్న. నీ కాళ్లు మొక్కుతా, పో."

ఆమె పోలేదు. వేళ్లు సందులో పెట్టి, ఆ ఇనుప రెక్కను చేతులతో చీల్చగలనన్నట్టు లాగింది. "నాయనా, నా బంగారు, తీయి" అని ఏడ్చింది. అంతలో వేళ్లకు ఏదో మెత్తగా తగిలింది. చూసుకుంటే దూది.

నరసప్ప లోపల కింది నుంచి పైకి ఆ సందులో దూది కుక్కుతున్నాడు. ఆమె ఒక ఉండ పీకితే అతను రెండు కుక్కుతున్నాడు. లాంతరు వెలుతురు కొంచెం కొంచెంగా కనబడకుండా పోయింది. మద్దమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది, ఆ నవ్వు మధ్యలో ఒక దగ్గు వినబడింది. తండ్రిదో బిడ్డదో సుంకమ్మకు తెలియలేదు, అప్పటికే ఆఖరి సందు కూడా మూసుకుపోయింది.